సూర్య భగవానుడికి పట్టిన దుమ్ము

మంగకు ఉన్నవి మూడు లంగాలు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది, ఇంకొకటి ఏ రంగుదో మంగకే గుర్తు లేదు. సూరత్‌లో నవాగామ్ పేటలోని తెలుగు నేతకార్మికుల సంఘం హాలు మిద్దె మీద, కొత్తగా బిగించిన సోలార్ ప్లేట్ల ఇనుప కాళ్ళకు కట్టిన తాడు మీద, ఫిబ్రవరి ఎండకు ఆ మూడూ హాయిగా ఆరుతున్నాయి. సరిగ్గా ఆ సమయానికే సంఘం అధ్యక్షుడు రఘుపతి, వార్డు కార్పొరేటర్‌ని వెంటబెట్టుకుని మిద్దెక్కాడు.

"దేఖియే సాబ్, సూర్యశక్తి!" అని రఘుపతి చెయ్యి చాపాడు.

చెయ్యి చాపిన వైపున ఎర్ర లంగా గాలికి ఉబ్బి, వచ్చినవాళ్ళను పలకరిస్తున్నట్టు ఒకసారి ఊగింది.

కార్పొరేటర్ నవ్వాడు. ఆయన వెంట వచ్చిన ఫోటోలతను ఇంకా పెద్దగా నవ్వాడు, నవ్వుతూనే ఫోటో కూడా తీశాడు. సాయంత్రానికి ఆ ఫోటో దిండోలీ నుంచి లింబాయత్ దాకా ఉన్న తెలుగువాళ్ళ ఫోన్లన్నిటికీ చేరింది. అందులో రఘుపతి ముఖం సగమే పడింది. లంగా మాత్రం నిండుగా పడింది.

మంగ ఆ హాలు చూసుకునే మనిషి. ఊడవడం, తుడవడం, పెళ్ళిళ్ళకు గిన్నెలు తోమడం, మీటింగులకు చాయ పెట్టడం ఆమె పని. మెట్ల కింది గది ఆమె ఇల్లు. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి పెళ్ళయిన ఏడాదే సూరత్ వచ్చింది. మొగుడు పోయాక పద్దెనిమిదేళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేసి, వినికిడి కొంత తగ్గాక ఈ హాలుకు మారింది. వినికిడి తగ్గిందే కాని నోరు తగ్గలేదు.

రఘుపతి కూడా ఒకప్పుడు మగ్గం నడిపినవాడే. ఇప్పుడు సొంత షెడ్డు ఉంది, తెల్ల చొక్కా ఉంది, అధ్యక్ష పదవి ఉంది. డిసెంబరులో నలభై సోలార్ ప్లేట్లు పెట్టించింది ఆయనే. అంతటితో ఊరుకోలేదు. ఆ రోజు ఎన్ని యూనిట్ల కరెంటు పుట్టిందో ఎర్ర అంకెల్లో చూపే బోర్డు ఒకటి హాలు గుమ్మం పక్కన పెట్టించి, దాని పైన దండం పెడుతున్న తన ఫ్లెక్సీ కట్టించాడు. కొత్తగా వచ్చిన వాళ్ళకు ఆ అంకె ఏమిటో తెలియక, ఆయన వయసేమో అనుకునేవారు.

లంగాల ఫోటో వచ్చిన ఆ వారం ఆదివారమే మీటింగు పెట్టాడు. మైకు అందుకున్నాడు.

"మిద్దె మీద ఉన్నయి వట్టి ప్లేట్లు గావు. సాక్షాత్తు సూర్య భగవానుడు. ఆయన నెత్తిన లంగలు ఆరేసుడేంది? ఇయ్యాల్టి సంది మంగ మిద్దె ఎక్కొద్దు. మెట్లకు తాళమేస్తున్న. తాళంచెవి నా దగ్గరుంటది."

నూటయాభై మంది మగవాళ్ళు ఒక్కసారి గొల్లుమన్నారు. మంగ వెనక వరసలో చాయ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు కోపం వచ్చింది లంగాల మాటకు కాదు. లంగాలు ఆరేయడం తప్పే అయి ఉండొచ్చు. తన పేరును మైకులో పలికింది, పదేళ్ళలో అదే మొదటిసారి, అదీ మిద్దె దించడానికి. అందుకు వచ్చింది కోపం.

అక్కడున్న ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. ప్లేట్లు పెట్టిన మొదటి వారం నుంచీ, ప్రతి శుక్రవారం తెల్లవారుతుండగా, మంగ నలభై ప్లేట్లనూ తడిగుడ్డతో తుడుస్తూ వచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మగ్గాల షెడ్డులో ఆమె పని అదే. దారాల మీద, దువ్వెనల్లా ఉండే మగ్గం పన్నెల మీద పేరుకునే నూగు దులపడం. నూగు నిలిస్తే దారం తెగుతుంది, దారం తెగితే మేస్త్రీ అరుస్తాడు. పద్దెనిమిదేళ్ళు అలా బతికిన చెయ్యి, ఎక్కడ దుమ్ము కనబడినా ఊరుకోదు. పైగా తుడిచిన గాజులో మబ్బులు కనిపించేవి, తన జుట్టు కూడా కనిపించేది. మెట్ల కింది గదిలో అద్దం పగిలి చాలాకాలమైంది.

మిద్దెకు తాళం పడింది. దుమ్ముకు తాళం పడలేదు.

నవాగామ్‌లో దుమ్ముకు కరువు ఉండదు. ఒక పక్క వంతెన కోసం తవ్విన రోడ్డు, ఇంకో పక్క పాండేసరా మిల్లుల గొట్టాల మసి, చుట్టూ మగ్గాల నూగు. అక్టోబరులో వానలు వెనక్కి పోతే మళ్ళీ జూను దాకా చుక్క పడదు. తెల్లవారుజామున మంచు పడి దుమ్మును తడుపుతుంది, పగలు ఎండ దాన్ని కాలుస్తుంది. తడిపి కాల్చి, తడిపి కాల్చి, నెల తిరిగేసరికి అది దుమ్ము కాదు, పూత.

ఫిబ్రవరిలో ఎనభై చూపించిన బోర్డు, ఎండలు ముదిరిన మార్చిలో డెబ్బైకి వచ్చింది. ఏప్రిల్ మొదట్లో అరవై మూడు.

రాజనర్సు అని ఒక ముసలాయన ఉండేవాడు. సంఘం ఎన్నికల్లో రఘుపతి చేతిలో రెండుసార్లు ఓడాడు. మగ్గం పని మానేశాక ఆయనకు మిగిలిన పని రోజూ సాయంత్రం బోర్డు ముందు నిలబడి అంకెను క్రికెట్ స్కోరులా చదవడం.

"అరవై మూడు! ఇంకో వికెట్ పడ్డదిరో! మన కెప్టెన్ సాబ్ ఫ్లెక్సీల నవ్వుతనే ఉన్నడు!"

రఘుపతి మొదట బోర్డు చెడిపోయిందన్నాడు. బోర్డు మార్చారు. కొత్త బోర్డు ఇంకా స్పష్టంగా అరవై రెండు అని చూపింది. తరువాత కంపెనీకి ఫోన్ చేశాడు. హార్దిక్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. మిద్దె ఎక్కలేదు. కిందనే కుర్చీలో కూర్చుని ఫోను తెరిచి, గీతలు చూసి, మంగ ఇచ్చిన చాయ తాగాడు.

"మషీన్ ఫస్ట్ క్లాస్ హై, కాకా. బారిష్ ఆయేగీ తో సబ్ ధుల్ జాయేగా."

వాన వస్తే అంతా కడుక్కుపోతుందట. ఆ మాటలోనే జవాబు ఉంది. కాని రఘుపతికి వాన అన్న మాట వినబడింది, కడగడం అన్న మాట వినబడలేదు.

"వాన ఎప్పుడొస్తది?" అని అడిగాడు.

"జూన్ మే," అన్నాడు హార్దిక్, రెండో చాయ అందుకుంటూ.

మంగకు వినికిడి తగ్గినా ఆ మాట బాగానే వినబడింది. ఆ సాయంత్రం బాబిన్లు చుట్టే ఎల్లవ్వ వస్తే, మెట్ల కింద కూర్చుని మొత్తం చెప్పింది. శుక్రవారాల సంగతి కూడా మొదటిసారి చెప్పింది. ఎల్లవ్వ ఆమె కంటే పదేళ్ళు పెద్దది.

"ఓ మంగా, గట్లయితే నువ్వు చెప్పరాదు? తుడిస్తే అయిపాయె గదా!"

"ఎందుకు చెప్పాలె అక్కా? మైకు పెట్టి నన్ను మిద్దె దింపిండు. మైకు పెట్టి పిలువుమను."

"పాపం, సంఘం పైసలు గాదె?"

"సంఘమే గదా గొల్లున నవ్వింది. నవ్వుమను ఇంకా జర."

ఇది మంచి బుద్ధి కాదని మంగకు తెలుసు. అయినా రోజూ పొద్దుగూకే వేళకు గుమ్మం ఊడ్చే నెపంతో బోర్డు చూసి వచ్చేది. అంకె ఒకటి తగ్గితే ఆ రాత్రి ఒక ముద్ద ఎక్కువ తినేది.

ఇంజనీరుతో కాని పని పంతులుతో అవుతుందని రఘుపతికి తోచింది. సంఘం పంతులు సదానందం పగలు టెక్స్‌టైల్ మార్కెట్లో చీరలు మడతపెట్టేవాడు, సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళు చేయించేవాడు. నిజానికి ఆయన మంచివాడు. అడిగితే లేదనలేని రకం, అదే ఆయనతో చిక్కు. ఏదో ఒక దోషం చెప్పమని అధ్యక్షుడు అంతగా అడుగుతుంటే లేదని ఎలా అంటాడు?

"శని ఎవరి కొడుకు? సూర్యుని కొడుకు. తండ్రికీ కొడుక్కూ పడది. మీ ప్లేట్లేమో సూర్యుడాయె. శని చూపు పడ్డది రఘుపతన్నా. శాంతి చెయ్యాలె."

"ఎక్కడ చెయ్యాలె?"

"ఎంత దగ్గరుంటే అంత మంచిది," అన్నాడు పంతులు. అదే కొంప ముంచింది.

ప్లేట్ల వరసల నడుమ ఇటుకలు పేర్చి హోమం చేశారు. అయిదు కిలోల నెయ్యి. గంపెడు సమిధలు. గుగ్గిలం. ఆ రోజు తాపీ నది వైపు నుంచి గాలి వీస్తోంది. పొగ మొత్తం ఎటూ పోకుండా ప్లేట్ల మీదుగానే పాకింది. నేతి జిడ్డు, దాని మీద మసి. తరువాత పంతులు ప్రతి ప్లేటుకూ పసుపు రాసి బొట్టు పెట్టాడు. ముందు వరసకు పంచామృతం చిలకరించాడు. కమిటీవాళ్ళంతా భక్తితో అక్షింతలు చల్లారు.

మంగకు పైకి రావడానికి వీల్లేదు కాబట్టి ఆమె కింద గిన్నెలు తోముతూ, పైనుంచి జారివస్తున్న పొగను చూస్తోంది. చూసి చూసి, గిన్నె పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఎల్లవ్వ, "ఏమైందే, ఏడుస్తున్నవా?" అని అడిగింది. ఏడుపు కాదని భుజాలు ఊగే తీరు చూశాక అర్థమైంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

మరునాడు తేనె కోసం చీమలు వచ్చాయి. అక్షింతల కోసం పావురాలు వచ్చాయి. పావురాలు తిన్నంత తిని, తమ వంతు అభిషేకం తాము చేసి పోయాయి. సాయంత్రం బోర్డు మీద నలభై ఆరు.

"ఫాలో ఆన్!" అని అరిచాడు రాజనర్సు.

వచ్చే ఆదివారం సంఘం మహాసభ. హజీరా కంపెనీ బస్సుల్లో పనిచేసేవాళ్ళు, కోసాడ్ క్వార్టర్లలో ఉండేవాళ్ళు, అందరూ వస్తారు. అందరూ గుమ్మం దాటే ముందు ఆ అంకెను చూస్తారు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి రఘుపతి ఒక్కడే హాలుకు వచ్చాడు. చేతిలో రబ్బరు పైపు. ఎవరితోనూ మాట్లాడకుండా తాళం తీసి మిద్దెక్కాడు. దేవుళ్ళ దగ్గరికి పోతున్నట్టే మెట్ల మీద చెప్పులు విడిచాడు.

ఎవరు చెప్పారో, తనకే తోచిందో, కడగాలన్న బుద్ధి పుట్టింది. కాని ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం పుట్టింది.

మంగ గదిలో అన్నం తింటోంది. పైన బోరు నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడింది. కాసేపటికి 'టప్' మని ఒక చప్పుడు. చెవిటి మనిషికి కూడా వినబడే చప్పుడు. తరువాత రఘుపతి కేక.

"అయ్యో! ఓ మంగా! మంగా!"

ఆమె చెయ్యి కడుక్కుని, తొందరేమీ లేనట్టు మెట్లెక్కింది. దారిలో చెప్పులు కనబడితే తీసుకుంది. పైన చూస్తే, కాలిన గాజు మీద చల్లటి నీళ్ళు పడి ముందు వరసలో ఒక ప్లేటు అంతటా బీటలు వారి ఉంది. రఘుపతి తడి లాల్చీతో, ప్లేట్ల కింద ఉన్న మూరెడు నీడలో వంగి కూర్చుని ఉన్నాడు. మిద్దె పెనంలా కాలుతోంది. మెట్ల దాకా పది అడుగులు. నీళ్ళు పడుతున్నంతసేపూ కాళ్ళకు తెలియలేదు, కంగారులో లాగితే పైపు కుళాయి నుంచి ఊడిపోయింది. ఇప్పుడు అడుగు వేయలేక అక్కడే చిక్కుకున్నాడు.

"నేను మిద్దె ఎక్కొద్దు గదా అన్నా," అంది మంగ గడప దగ్గరే ఆగి.

"మంగా, కాళ్ళు కాలుతున్నయే. చెప్పులు ఇటు ఇసురు."

"సూర్య భగవానుని మీంచి చెప్పులెట్ల ఇసరాలె?"

"ఇసురవే తల్లీ, దండం పెడుత!"

ఒక చెప్పు విసిరింది. రెండోది చేతిలోనే ఉంచుకుంది.

"ఫిబ్రవరిల ఎనభై ఎట్లొచ్చింది, చెప్పు?"

"ఏమో! ఏమని చెప్పాలె!"

"నేను తుడిచిన. వారం వారం. నువ్వు తాళమేసినవ్, నేను మానేసిన. గంతే. శనీ లేడు, గినీ లేడు."

రఘుపతి ఆ ముడుచుకున్న నీడలోనే ఆమె వైపు తిరిగాడు. ముఖం మీద చెమటో బోరు నీళ్ళో కారుతోంది.

"నువ్వు తుడిచినవా? నీకెవరు చెప్పిన్రు తుడువుమని?"

"మురికి చెప్పింది. కనబడ్డంక ఇంకెవరన్న చెప్పాల్నా? ఇరవై ఏండ్లు మగ్గం నడిపినవ్ గదా, నూగు మీదుంటే నడిచిందా ఎన్నడన్న?"

రఘుపతి చెయ్యి చాపి, పక్క ప్లేటు అంచున పేరుకున్న మట్టిని వేలితో గీకి చూశాడు. అది చూసి మంగ రెండో చెప్పు కూడా విసిరింది.

మెట్ల మీద నీడలోకి వచ్చాక రఘుపతి నెమ్మదిగా అడిగాడు. "ఇప్పుడు తుడుస్తవా?"

"నేనొక్కదాన్ని ఎందుకు తుడుస్త? జిడ్డు పెట్టింది మీరు, బొట్టు పెట్టింది మీరు. కమిటీ అంత రావాలె. శుక్రవారం పొద్దుగాల అయిదున్నరకు. గాజు చల్లగున్నప్పుడు. ఇంకోటి, నన్ను మైకుల దింపినవ్, మైకుల్నే ఎక్కియ్యాలె."

"మైకు లేకుంట చెప్తే నడువదా?"

"నడువది."

ఆ సాయంత్రం హార్దిక్ వచ్చాడు. ఈసారి మిద్దె ఎక్కక తప్పలేదు. పగిలిన ప్లేటుకు తీగలు విడదీసి, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని ఎర్ర టేపు చుట్టాడు. తక్కిన ప్లేట్ల మీద వేలు పెట్టి గీత గీశాడు. వేలు నల్లబడింది. "అరే బాప్ రే!" అన్నాడు. తుడిచేముందు ఏ మీట ఆపాలో మంగకు చూపించి, కింద అంచున పేరుకున్నది ముఖ్యంగా తియ్యాలన్నాడు. ఒక్క వరస గళ్ళు మూసుకుపోయినా ప్లేటు మొత్తం నీరసపడుతుందట.

శుక్రవారం కమిటీ పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. రాజనర్సు కమిటీలో లేకపోయినా చూడటానికి వచ్చి, చూస్తూ నిలబడితే మంగ ఊరుకోక బకెట్ అందుకోవలసి వచ్చింది. లుంగీలు ఎగ్గట్టారు. ఒకడు సర్ఫు తెచ్చాడు, మంగ తిట్టి వెనక్కి పంపింది. ఒకడు గిన్నెల పీచు తెచ్చాడు, వాణ్ణి ఇంకా పెద్ద మాట అంది. బోరు నీళ్ళు వద్దంది. ఆ ఉప్పు నీళ్ళు ఆరితే గాజు మీద తెల్ల మరకలు కడతాయి, రఘుపతి మంగళవారం కడిగినవి అప్పటికే కట్టాయి. హాలులోని తాగునీటి మిషను నుంచి క్యాన్లు మోయించింది. పాత నూలు పంచెలు చింపి చేతికొకటి ఇచ్చింది.

"రుద్దకుండ్రి! నానెయ్యాలె, తర్వాత తియ్యాలె. పసిపిల్ల ముఖం తుడిచినట్టు. రాజనర్సు మామా, నువ్వు ఇంట్ల పిల్లలను గిట్లనే తుడిచినవా? చర్మం ఊడిపోయి ఉంటది!"

మొదటి బకెట్ నీళ్ళు తారులా దిగాయి. పంతులు సదానందం తాను పెట్టిన బొట్లను తానే తుడుచుకుంటూ పోయాడు. నోట్లో ఏదో మంత్రం నడుస్తోంది, క్షమాపణ మంత్రమేమో. రఘుపతి చివరి వరసలో ఒంటరిగా కూర్చున్నాడు. కింది అంచున గట్టిపడిన మట్టిని గోటితో కాకుండా తడిగుడ్డ మడత అంచుతో నెమ్మదిగా లాగుతున్నాడు. మగ్గం ఆపకుండా తెగిన దారం అతికేవాళ్ళ వేళ్ళు అలాగే కదులుతాయి. మంగ అది చూసింది. ఆయన్ను మాత్రం ఆ పొద్దు ఒక్క మాట కూడా అనలేదు.

ఎండ పైకి వచ్చేసరికి ముప్పై తొమ్మిది ప్లేట్లలో ఆకాశం కనబడింది.

ఆ సాయంత్రం జనం బోర్డు ముందు గుమిగూడారు. ఎనభై రెండు. ఒక ప్లేటు పనిచేయకపోయినా ఎనభై రెండు. రాజనర్సు నోరు తెరిచాడు కాని, తన చేతులు కూడా పడిన స్కోరును వెక్కిరించడం ఆయనకు చేతకాలేదు. "పర్వాలేదు," అని ఇంటికి పోయాడు.

మహాసభలో రఘుపతి మైకు అందుకున్నాడు. క్షమించమనడం ఆయన నోటికి అలవాటు లేదు. సూర్యశక్తి గొప్పతనం గురించి పది నిమిషాలు మాట్లాడాడు. వెనక వరసలో మంగ పళ్ళెం పట్టుకుని నిలబడి వింటోంది. ఇక చెప్పడేమో అనుకుంటుండగా ఆయన తల ఎత్తి, సూటిగా ఆమె వైపు చూశాడు.

"మిద్దె మంగది. నేను తాళమేసుడు తప్పయింది. ఇకనుంచి శుక్రవారం శుక్రవారం మంగమ్మ గారి మార్గదర్శకత్వంల కమిటీ మొత్తం ప్లేట్లు కడుగుతది. రానోళ్ళ పేర్లు మంగమ్మనే మైకుల చదువుతది."

ఈసారి కూడా నవ్వారు, కాని రానివాళ్ళు ఎవరో ఊహించుకుని ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ నవ్వారు. పక్కనున్న ఎల్లవ్వ మంగ దగ్గరికి జరిగి పళ్ళెం ఒక కొస పట్టుకుంది.

"మార్గదర్శకత్వమంటే ఏందే?" అని చెవిలో అడిగింది.

"నేను తిట్టిన తిట్లకు గాయన పెట్టిన పేరు," అంది మంగ. పళ్ళెం ఎల్లవ్వకు అప్పగించి, ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటి చూసుకుని, పోయి కూర్చుంది.